పద్దెనిమిదో గడి

పోయిన ఆదివారం కీర్తన ఫోన్ చేసింది. నేను వదిలేసిన ఉద్యోగంలో ఇప్పుడు తను చేరింది. కాకినాడ పిల్ల, చేరి ఇంకా నెల కూడా కాలేదు. "అక్కా, ఫారంలో పద్దెనిమిదో గడి ఉంది కదా, ఏ నెల నుంచి ఏ నెల వరకు అని. రోడ్డుకి నెలలేంటక్కా? అన్నిటికీ గీత కొట్టేస్తున్నాను, పర్లేదా?" అని అడిగింది.

పాప ఏడుస్తోంది, మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మళ్ళీ చెయ్యబోతే, అది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదనిపించింది. అందుకే పాప పడుకున్నాక రోజూ కాసేపు కూర్చుని రాస్తున్నాను. కీర్తన కోసమే మొదలుపెట్టాను గానీ, కార్లలో దారి చూపించే జీపీఎస్ డబ్బాలకు మ్యాపులు తయారుచేసే పనిలోకి కొత్తగా వచ్చే ఎవరికైనా పనికొస్తుంది.

ఉద్యోగ విరమణ చేసిన పెద్దవాళ్ళు ముప్పై ఏళ్ళ సర్వీసు గురించి రాస్తారు. నాది మూడున్నరేళ్ళు. ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. సన్మానం లేదు, శాలువా లేదు. కానీ ఆ మూడున్నరేళ్ళలో రెండు గోదావరి జిల్లాల్లో కారు పట్టే ప్రతి రోడ్డూ దాదాపుగా తిరిగాను. అందులో అర కిలోమీటరు రోడ్డు మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పని ఏమిటంటే

మా అత్తగారు చుట్టాలకు నా ఉద్యోగం గురించి "రోడ్లు కొలుస్తుందండి" అని చెప్పేవారు. అది తప్పేమీ కాదు. కారు పైకప్పు మీద చిన్న యాంటెన్నా, నా ఒళ్ళో ల్యాప్‌టాప్. కారు వెళ్తూ ఉంటే తెర మీద మా వెనకాలే ఒక గీత పడుతూ ఉంటుంది. ఆ గీతే రోడ్డు. మలుపు వచ్చినప్పుడల్లా ఫారంలో గడులు నింపాలి. రోడ్డు పేరు, వెడల్పు, తారా కంకరా మట్టా, ఒకవైపు ట్రాఫిక్కా రెండువైపులా, వంతెన ఉందా, లారీ పడుతుందా. అప్పట్లో మొత్తం పదిహేడు గడులు. చివరిది రిమార్కులు, నలభై అక్షరాలు పడతాయి. అది నింపకపోయినా ఎవరూ అడగరు.

రాజమండ్రిలో రెండు గదుల ఆఫీసు. రోజుకి అరవై కిలోమీటర్లు చెయ్యాలి. సాయంత్రం డేటా హైదరాబాద్ పంపితే అక్కడ అన్ని గీతలూ అతికించి మ్యాపు చేస్తారు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో కొత్త వెర్షన్ వస్తుంది. కారు అద్దానికి అతికించుకునే డబ్బాలోకి ఆ మ్యాపు వెళ్తుంది. అందులోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఎడమకి తిరగమని, కుడికి తిరగమని చెబుతుంది.

మా డ్రైవర్ సత్తిబాబు గారు నిడదవోలు మనిషి. ఇరవై ఏళ్ళు లారీ నడిపి, నడుం నొప్పి వచ్చి కార్ల మీదికి మారారు. ఆ గొంతుని ఆయన 'ఆవిడ' అనేవారు. మేం పెట్టిన రోడ్లు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి డబ్బా పెట్టుకుని తిరిగే రోజుల్లో, ఆవిడ చెప్పిన దారికి అడ్డంగా గేదెల మంద వస్తే కారు ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేవారు.

"హారన్ కొట్టండి సత్తిబాబు గారూ."

"ఉండండి మేడమ్‌గారూ. ఆవిడ ఏం చెబుతుందో విందాం."

ఒక కార్తీక సోమవారం ఆవిడ మమ్మల్ని తీసుకెళ్ళి పాలకొల్లు గుడి వీధిలో పెట్టింది. దూరం ప్రకారం అదే దగ్గర దారి. రెండు గంటలు కదల్లేదు. సత్తిబాబు గారు కిటికీలోంచి అరటిపళ్ళు కొని నాకో రెండిచ్చి, "ఆవిడకీ ఓటి పెట్టండి, ఉపవాసం ఉన్నట్టుంది" అన్నారు. ఆ రోజు నేను నవ్వాను. రోడ్డు ఒకటే అయినా అన్ని రోజులూ ఒకటి కాదన్న సంగతి అప్పుడే నా బుర్రకి ఎక్కి ఉండాల్సింది.

అడగడం నేర్చుకోవడం

మా బాస్ ప్రసాదరావు గారు హైదరాబాద్‌లో ఉండేవారు. ప్రభుత్వ సర్వేలో చేసి వచ్చిన మనిషి. ఫోన్లో ముందు తిట్టి తర్వాత పేరు అడిగేవారు. అయినా పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

చేరిన కొత్తల్లో ఒక ఊరి పేరు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. అది పంచాయతీ రికార్డులో పేరు. బస్సు మీద ఇంకో పేరు ఉంటుంది. జనం పిలిచేది మూడోది. ఆ ఊళ్ళో బోర్డు పేరు చెప్తే ఎవరికీ తెలియదు. ప్రసాదరావు గారు ఆ గీత వెనక్కి పంపి ఫోన్ చేశారు. "బోర్డు చదవడానికి నువ్వెందుకమ్మా, నీకిచ్చే జీతంతో ఓ కెమెరా కొనేవాణ్ణి కదా" అన్నారు. అప్పట్నుంచి కారు దిగడం మొదలుపెట్టాను.

మన వైపు దారి అడగడంలో ఒక చిక్కుంది. తెలియదు అని చెప్పడం మర్యాద కాదని చాలామంది అనుకుంటారు. మనం ఎండలో నిలబడి అడిగాం కాబట్టి ఏదో ఒకటి చెప్పి పంపాలి. అందుకని ఒకరి మాట మీద వెళ్ళకూడదు. ముగ్గుర్ని అడగాలి. అందులో ఒకరు పోస్ట్‌మ్యాన్ అయితే మంచిది, ఆయన సైకిల్ మీద తిరుగుతాడు కాబట్టి గుంతలతో సహా చెప్తాడు. కిలోమీటర్లు అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. కాలవ లాకులు దాటాక రెండో వంతెన, గట్టు దిగగానే చర్చి, దాని పక్క సందు అంటారు. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. రాసుకోవడానికి మన ఫారంలో గడి ఉండదు, అంతే.

ఇంత చెప్పిన నేను ఒక చోట అడగకుండా వచ్చేశాను. ఆ సంగతికే వస్తున్నాను.

డబ్బా వల్ల మేలు జరగలేదని కాదు

దాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కోనసీమలో గ్యాస్ బావులు తవ్వే చోట్లు కొబ్బరితోటల మధ్యలో ఎక్కడో ఉంటాయి. మిషన్ పార్టు తెచ్చే వ్యానుకి ముందు ఒక మనిషి మోటారుసైకిల్ మీద దారి చూపిస్తూ వెళ్ళేవాడు. ఆ మనిషి దొరక్కపోతే వ్యాను రోడ్డు మీదే ఆగిపోయేది. మా మ్యాపు వచ్చాక కాకినాడ నుంచి బయల్దేరిన వ్యాను ఎవర్నీ అడక్కుండా బావి గేటు దగ్గర ఆగిందని ఒక ఇంజినీరు ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ తోటల్లో దారులు నేనూ సత్తిబాబు గారూ వారం రోజులు తిరిగి పెట్టినవే. ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళాను.

ఇంకో మేలు ఆడవాళ్ళకి బాగా తెలుస్తుంది. ఒంటరిగా కారులో వెళ్తూ, చీకటి పడే వేళ సెంటర్లో ఆగి నలుగురు మగవాళ్ళని దారి అడగక్కర్లేదు. ఆ డబ్బా నాకు మొదట నచ్చింది ఇందుకే.

దాని కష్టం ఎక్కడంటే, అది ఎప్పుడూ అనుమానపడదు. మనిషైతే 'ఇలాగే అనుకుంటానండి, ముందుకెళ్ళి ఇంకోసారి అడగండి' అంటాడు. ఆవిడ అనదు. తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే గొంతుతో చెబుతుంది. వినేవాడికి తేడా తెలియదు.

బుల్లెమ్మలంక

మా పుట్టింటికి దగ్గర్లో, గోదావరి పాయ అవతల బుల్లెమ్మలంక అని ఒక ఊరుంది. లంకకి తూర్పున, మా పుట్టింటి వైపు, పాతకాలం వంతెన ఉంది. పడమటి వైపు వంతెన లేదు, గోదావరి పాయే. ఆ పాయ దాటితే రావులపాలెం హైవేకి పోయే రోడ్డు. లంక పిల్లలు చదివే హైస్కూలు, ఆసుపత్రి, సంత అన్నీ పాయ దాటాకే ఉన్నాయి. వర్షాకాలంలో పడవ మీద వెళ్తారు. పడవ లేకపోతే తూర్పు వంతెన మీదుగా ఇరవై రెండు కిలోమీటర్లు చుట్టు.

సంక్రాంతి వెళ్ళి నీరు బాగా తగ్గాక లంక వాళ్ళు పాయకి అడ్డంగా బాట వేసుకుంటారు. అది ప్రభుత్వం వేసేది కాదు. ఇంటికో ట్రాక్టర్ గ్రావెల్, లేదా ఇంటికో మనిషి. మధ్యలో పారే సన్నటి నీటికి సిమెంటు తూములు వేసి, ఇసుక మీద తాటాకులూ గడ్డీ పరిచి, పైన గ్రావెల్ తోలి చదును చేస్తారు. అర కిలోమీటరు ఉంటుంది. జూలైలో వరద నీరు ఎర్రగా వచ్చేదాకా బళ్ళూ ఆటోలూ కార్లూ దాని మీదే. ఎర్ర నీరు వచ్చిన రోజున బాట పోతుంది. తూములు మాత్రం ముందుగానే తీసి ఒడ్డుకి చేర్చుకుంటారు, మళ్ళీ ఏటికి కావాలి కదా. మా చిన్నప్పటి నుంచీ ఇంతే.

ఏప్రిల్‌లో నేనూ సత్తిబాబు గారూ ఆ బాట మీద వెళ్ళాం. నాకు అప్పుడు నాలుగో నెల. పొద్దుట్నుంచి రెండుసార్లు వాంతి అయింది. అరవై కిలోమీటర్లకి ఇంకా పద్నాలుగు మిగిలి ఉన్నాయి. రేవులో పడవ నడిపే ఏసుపాదం గారు వేసవి కాబట్టి బాట చూసుకుంటున్నారు. చక్రాలు దిగబడిన చోట గడ్డి వేస్తున్నారు. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. మా కారు నిదానంగా దాటించి, తెర మీద గీత పడటం కిటికీలోంచి చూశారు.

"ఇప్పుడు మా లంక ఆ డబ్బాలోకి ఎక్కినట్టేనా అమ్మా?"

ఎక్కిందని చెప్పాను. ఆయన చెయ్యి తుడుచుకుని ఆ గీత మీద వేలు పెట్టబోయి, తాకకుండా తీసేశారు. "ఇన్నాళ్ళూ మా ఊరు ఏ మ్యాపు అట్ట మీదా లేదండి. నీళ్ళే వేసేవోరు" అన్నారు.

నేను గడులు నింపాను. గ్రావెల్. ఒక బండి పట్టే వెడల్పు. వంతెన లేదు. లారీ పట్టదు. రిమార్కులు ఖాళీ.

ఎందుకు ఖాళీగా వదిలానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కడుపుతో ఉన్నాను, ఒంట్లో బాగాలేదు, సాయంత్రమైంది అనుకోవచ్చు. అవేవీ కారణాలు కావు. ఆ బాట జూలైలో ఉండదని ఎవరికి తెలియదు అనుకున్నాను. నాకు నా పేరెంత తెలుసో అదీ అంతే తెలుసు. నిజామాబాద్ వాళ్ళనో వరంగల్ వాళ్ళనో ఆ పనికి పంపి ఉంటే, ఇసుకలో ఈ రోడ్డేంటండీ అని అడిగేవాళ్ళు, రాసుకునేవాళ్ళు. నాకు అడగాలని తోచలేదు. తెలిసినవాళ్ళు చేసే తప్పు ఇది. మన ఊరి మ్యాపు మనం గీస్తే ఇలాంటిదే ఎక్కడో ఒకటి పడుతుంది, కీర్తనా. నీకు కాకినాడలో పడుతుంది.

మూడు వారాలు

సెప్టెంబర్‌లో పాప పుట్టింది. సెలవు మీద సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మరుసటి ఏడు జూన్‌లో కొత్త వెర్షన్ విడుదలైంది. మా వారు జూనియర్ కాలేజీ లెక్చరర్, ఆయనతో పనిచేసే ఒకాయన కొత్త కారుకి డబ్బా కొనుక్కుని మాకు చూపించడానికి తెచ్చారు. "మీ చేతి పని కదండి, మీరే చూపించండి" అన్నారు. నేను గర్వంగానే పుట్టింటి నుంచి రావులపాలేనికి దారి వెయ్యమన్నాను.

గీత తూర్పు వంతెన ఎక్కింది, బుల్లెమ్మలంక మధ్యలోంచి వెళ్ళింది, పాయ మీదుగా తిన్నగా దాటింది. ఇరవై రెండు కిలోమీటర్లు తక్కువ. దగ్గర దారి కాబట్టి కోనసీమలో ఆ వైపు నుంచి హైవేకి ఎవరు వెళ్ళాలన్నా ఆవిడ ఇదే చూపిస్తుంది. లంక వాళ్ళకి కాదు, లంక పేరే వినని వాళ్ళకి.

బయట వాన పడుతోంది. ఎర్ర నీరు రావడానికి మూడు వారాలు ఉంటుందేమో.

మర్నాడు ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "రిలీజైపోయిందమ్మా. ఎవరి కారులోకి ఎక్కిందో వాళ్ళ ఇంటికెళ్ళి తియ్యలేం కదా. వచ్చే వెర్షన్‌లో తీసేద్దాం" అన్నారు. వచ్చే వెర్షన్ జనవరిలో. ఇంతలో ఎవరైనా నీళ్ళలోకి వెళ్తే అన్నాను. కళ్ళున్నవాడెవడూ గోదావరిలోకి కారు దింపడన్నారు. తర్వాత, "నీ ఫారం నా ముందుంది. రిమార్కులు ఖాళీ" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన గురించి ఉన్నది చెప్పాలి. కాకినాడలో, రాజమండ్రిలో డబ్బాలు అమ్మే షాపులకి ఆయనే ఫోన్ చేసి, కొన్నవాళ్ళకి చెప్పమన్నారు. అప్పటికి అంతకన్నా ఏం చెయ్యొచ్చో నాకూ తెలియదు. కానీ పనంతా కాగితం మీద సరిగ్గా జరిగితే మిగతాది జనం చూసుకుంటారన్న నమ్మకం ఆయనకి ఎక్కువ. అది సర్వే ఆఫీసుల్లో పెరిగిన నమ్మకం. నేను ఒప్పుకోను.

ఆ ఆదివారం సత్తిబాబు గారు కారు తెచ్చారు. పాపని ఎత్తుకుని నేను, పాల సీసా సంచీతో మా వారు, ముగ్గురం బుల్లెమ్మలంక వెళ్ళాం. బాట ఇంకా ఉంది. ఏసుపాదం గారు తూములు తీసే రోజు కోసం చూస్తున్నారు. ఆయనకి విషయం చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

"డబ్బాకి వరద తెలీదాండి?"

"తెలియదండి."

"ఎందుకు తెలీదండి?"

"నేను చెప్పలేదు ఏసుపాదం గారూ."

ఆయన పాప వైపు చూసి, పాప కాలి మీద వాలిన ఈగని తోలి, "మరి చెప్పకపోతే ఎలా తెలుస్తాదమ్మా" అన్నారు. ఎత్తిపొడుపు కాదు. ఆయనకి అది అంత తేలిక సంగతి.

బోర్డు పెట్టిద్దామన్నాను. వానలో బోర్డు ఎవరు చదువుతారండీ అన్నారు. తూములు తీసిన రోజున రెండు ఒడ్డుల మీదా తాటి మొద్దు అడ్డం పెడతానన్నారు. నా ఫోన్ నంబరు ఆయన మనవరాలి నోటుబుక్కులో రాయించి వచ్చాను.

ఆ మూడు వారాలూ టీవీలో ధవళేశ్వరం నీటిమట్టం చెప్పినప్పుడల్లా పనులు ఆపి వినేదాన్ని. పాపకి పళ్ళు వస్తున్నాయి, జ్వరం కాస్తోంది. దాని నుదురు మీద చెయ్యి పెట్టి కూర్చుని, పైన భద్రాచలంలో వాన పడితే మాకు ఎన్ని రోజుల్లో వస్తుందో లెక్కపెట్టేదాన్ని. పన్లోకి మళ్ళీ ఎప్పుడు వెళ్తావని అత్తగారు అడిగితే, వరద వెళ్ళనివ్వండి అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

తాటి మొద్దు

జూలై రెండో వారంలో ధవళేశ్వరం గేట్లు ఎత్తారు. తూములు ముందు రోజే తీసేశారట. మొద్దులు పెట్టారట. అది విని ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు సాయంత్రం ఏడింటికి ఫోన్ వచ్చింది. ఏసుపాదం గారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. హైదరాబాద్ వెళ్ళే కారు ఒకటి వచ్చింది. మొగుడూ పెళ్ళామూ, పదకొండు నెలల బాబు. చుట్టాలింట్లో పెళ్ళి చూసుకుని వెళ్తున్నారు. డబ్బా వారం క్రితం కొన్నారు. లంక చివర తాటి మొద్దు అడ్డంగా ఉంటే, అది ఎవరో ఊళ్ళో వాళ్ళు చందా కోసం పెట్టారనుకున్నాడు ఆయన. దిగి పక్కకి దొర్లించాడు. బాట మీద మోకాలు లోతు నీరు. వాన నీరు నిలిచింది అనుకున్నాడు. డబ్బాలో ఆవిడ తిన్నగా వెళ్ళమంటోంది. వెళ్ళాడు.

తూములు తీసిన చోట ముందు చక్రాలు దిగిపోయాయి. నీరు తలుపు సగందాకా వచ్చింది. ఏసుపాదం గారు కాలేజీ నుంచి వచ్చే పిల్లల్ని పడవలో తెస్తూ పాయ నడుమ ఉన్నారు. లైట్లు దిగడం చూసి అరిచారు, అద్దాలు వేసి ఉన్నాయి, వినపడలేదు. పడవ అటు తిప్పారు. పడవలో ఇద్దరు కుర్రాళ్ళు నీళ్ళలోకి దూకారు. బాబుని కిటికీలోంచి అందుకున్నారు. తర్వాత తల్లిని, ఆఖర్న ఆయన్ని. ఇప్పుడు ముగ్గురూ ఏసుపాదం గారి ఇంట్లో ఉన్నారు. కారు నీళ్ళలోనే ఉంది. పొద్దున్న ట్రాక్టర్ పెట్టి లాగాలి.

"మీరు కంగారు పడతారని ముందే చెబుతున్నానమ్మా, అందరూ బానే ఉన్నారు" అన్నారు. ఈ మాట ఆయన చివర్న అన్నారు.

ఆ తల్లితో మాట్లాడతానని ఎందుకు అడిగానో నాకు తెలియదు. ఆయన ఫోన్ ఇచ్చారు. ఆవిడ నెమ్మదిగానే మాట్లాడింది. బాబు పాలు తాగుతున్నాడంది. ఒళ్ళు తుడిచి, ఈ ఇంటి అమ్మగారి చీర చుట్టామంది. ఇంతకీ మీరెవరండీ అని అడిగింది.

"డబ్బాలో ఆ రోడ్డు పెట్టింది నేనండి" అన్నాను.

వెనకాల బాబు గొంతు వినిపించింది. తర్వాత అడిగింది.

"వరదొస్తే ఇది ఉండదని మీకు తెలుసా?"

"తెలుసండి. మాది పక్క ఊరే."

ఆవిడ ఫోన్ ఏసుపాదం గారికి ఇచ్చేసింది.

తర్వాత ఆగస్టులో రాజీనామా పంపాను. పాప చిన్నదని రాశాను. అదీ అబద్ధం కాదు. ప్రసాదరావు గారు రెండుసార్లు ఫోన్ చేసి ఉండమన్నారు. తప్పు చేసినవాళ్ళే ఆ పనికి పనికొస్తారని ఆయన లెక్క. ఆయన లెక్క సరైనదే కావచ్చు. కారులో కూర్చుని మళ్ళీ గీత పడటం చూడగలనని నాకు అనిపించలేదు.

వెళ్ళేముందు ఒక్కటి అడిగాను. ఫారంలో నెలల కోసం ఇంకో గడి పెట్టమన్నాను. ప్రోగ్రాం మార్చాలి, ఖర్చవుతుంది, ఒక్క లంక కోసం మార్చరు అన్నారు ఆయన. ఒక్క లంక కాదు సార్ అని, మన వైపు వేసవి బాటలు నాకు తెలిసినవన్నీ, అడిగి తెలుసుకున్నవీ కలిపి తొమ్మిది రాసి పంపాను. ఆయన ఎవరితో పోట్లాడారో, ఎలా పోట్లాడారో నాకు చెప్పలేదు. ఈ ఏడు ఫారంలో పద్దెనిమిదో గడి వచ్చింది.

అటువైపు మాట కూడా

జనవరి వెర్షన్‌లో బుల్లెమ్మలంక బాట తీసేశారు. ఆ రాత్రి నిద్రపట్టింది.

ఫిబ్రవరిలో ఏసుపాదం గారు ఫోన్ చేశారు. పాప ఎలా ఉందని అడిగారు. వాళ్ళ కోడలు పురిటికి ఆసుపత్రికి వెళ్ళాల్సొచ్చిందట. అమలాపురం టాక్సీని పిలిస్తే, ఆ కుర్రాడు డబ్బాలో చూసి పడమటికి దారి లేదన్నాడట, బాట ఉందని వీళ్ళు చెప్పినా వినలేదట. తూర్పు వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళారు. బాట అప్పటికే వేసేశారు, వారం అయింది. బిడ్డ క్షేమం. ఆడపిల్ల.

"మమ్మల్ని తీసేశారంట కదమ్మా" అన్నారు.

నేను కారణం చెప్పాను. ఆయన విన్నారు. "నిజమేలెండి. కానీ బాట ఉన్నప్పుడైనా ఉందనొచ్చు కదండి" అన్నారు.

ఆ మాటకి జవాబు ఇప్పుడు ఉంది. అది పద్దెనిమిదో గడే, అందులో వేసిన నెలల్లోనే డబ్బా ఆ దారి చూపిస్తుంది. అందుకే కీర్తనా, అందులో గీత కొట్టెయ్యకు. ఆ గడి కారులో కూర్చుని నింపేది కాదు. రోడ్డు చూస్తే తెలియదు, యాంటెన్నాకి తెలియదు. కారు దిగి, ఇది ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉంటుందండీ అని అడగాలి. నీకు తెలిసిన ఊరైతే మరీ అడగాలి.

ఇంకొకటి. లేని రోడ్డు ఉందని చెప్పడం, ఉన్న రోడ్డు లేదని చెప్పడం రెండూ తప్పులే, కానీ సమానం కావు. టాక్సీ కుర్రాడు చుట్టు తిరిగినప్పుడు పోయింది గంట. ఆ గంటలో ఏమైనా జరగొచ్చని ఏసుపాదం గారి ఇంట్లో వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు, అందుకని దాన్నీ చిన్నది అనను. అయినా రెండిట్లో ఒకటి చెయ్యక తప్పకపోతే ఏది చెయ్యాలో నాకు ఇప్పుడు సందేహం లేదు.

నీ లిస్టులో బుల్లెమ్మలంక వచ్చే వారం ఉందని చెప్పావు. వెళ్ళు. సత్తిబాబు గారికి దారి తెలుసు. రేవులో ఏసుపాదం గారు గడ్డి వేస్తూ ఉంటారు. నా పేరు చెప్పు, మజ్జిగ ఇప్పిస్తారు, వద్దనకు. గీత పడటం ఆయనకి చూపించు. తర్వాత గడి గురించి అడుగు. ఎప్పటి నుంచి అంటే ఫిబ్రవరి అంటారు, రెండు అని వెయ్యి. ఎప్పటి వరకు అంటే, ఎర్ర నీరు వచ్చేదాకా అంటారు. గడిలో నెల అంకె తప్ప ఏదీ పట్టదు. ఇంకోసారి అడిగితే జూలై అంటారు, అంటే ఏడు. ఆయన చెప్పింది నిజమే, యాభై ఏళ్ళుగా చూస్తున్న మనిషి.

నువ్వు మాత్రం ఐదు వెయ్యి.